తీరిక ఇంటిది, తోడు ఊరిది

పసిపిల్లలకు ఇల్లు ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా విలువైనది తీరిక. తిండి, బట్ట, మందు ముందు ఉండాలి. అవి సరిగా అమరని ఇళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట తేలిగ్గా అనడం లేదు. కానీ అవన్నీ అమరిన ఇళ్లల్లో కూడా పిల్లలకు దొరకనిది తీరికే. గోడెక్కే చీమల బారు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చివరిదాకా చూసే తీరిక. అడిగిన ప్రశ్ననే నాలుగు రకాలుగా తిప్పి అడిగే తీరిక. ఏ పనీ లేకుండా అరుగు మీద కాళ్లాడిస్తూ కూర్చునే తీరిక. ఆ తీరిక కోసమే మా పాపను ఆరేళ్లు నిండేదాకా ఏ బడికీ పంపకుండా ఇంట్లో ఉంచుకున్నాను. ఈ జూన్‌లో మా వీధి చివరున్న మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో చేర్పిస్తున్నాను. ఇంట్లో ఎంత ఇష్టంగా ఉంచుకున్నానో బడికీ అంతే ఇష్టంగా పంపుతున్నాను. చూసేవాళ్లకు నేను దారి మార్చుకున్నట్టు కనిపిస్తోంది. నిజానికి ఒకే ఆలోచన నన్ను ఈ రెండు చోట్లకూ తీసుకెళ్లింది. అదేమిటో చెప్పుకోవాలని ఉంది.

మాది రాజమహేంద్రవరం. ఇంటి నుంచి గోదావరి గట్టుకు నడిచి వెళ్లొచ్చు. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పాప తర్వాత బాబు, వాడికింకా మూడేళ్లు నిండలేదు. నేను లెక్కలు ప్రధానంగా డిగ్రీ చదివాను. పెళ్లికి ముందు కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పాను. అందువల్ల ఇంట్లో చదువు చెప్పడమంటే మొదట్లో నా మనసులోనూ ఒక బొమ్మ ఉండేది: చిన్న బల్ల, నల్లబోర్డు, గోడ మీద టైంటేబులు. అవేవీ మా ఇంట్లోకి రాలేదు. వాటి అవసరం రాలేదు.

నాకు ముగ్గంటే ప్రాణం. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, తడి ఆరకముందే చుక్కలు పెట్టడంలో నాకు దొరికే ప్రశాంతత మరెక్కడా దొరకదు. నాకొచ్చిన మెలికల ముగ్గుల్లో చాలావరకు అత్తయ్యగారు నేర్పినవే. చుక్కల చుట్టూ తిరిగిన గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే వచ్చి కలవాలి. కలిసిందంటే ఆ రోజంతా హాయిగా ఉంటుంది. నాలుగో ఏడు వచ్చినప్పటి నుంచి పాప నా పక్కన గొంతుక్కూర్చుని చుక్కలు పెడుతుండేది. మూడు నుంచి రెండు వరకు సందు చుక్క అంటే మధ్య వరుసలో మూడు, పైన రెండు, కింద రెండు. మొత్తం 7. అయిదు నుంచి మూడు వరకు పెడితే 19. ఏడు నుంచి నాలుగు వరకు 37. తొమ్మిది నుంచి అయిదు వరకు 61.

ధనుర్మాసంలో పెద్ద ముగ్గులు మొదలయ్యాక, ఏ ముగ్గుకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టడం పాపకు ఆటయింది. సుద్దముక్కతో అరుగు మీద ఆ అంకెలన్నీ వరసగా వేసింది. మొదట ఒంటి చుక్క, ఆ తర్వాత 7, 19, 37, 61. వాటిని చూస్తూ కూర్చున్న నాకు ఉన్నట్టుండి ఒళ్లు జల్లుమంది. పక్కపక్క అంకెల మధ్య తేడా ఎంతో చూద్దామా అన్నాను. 6, 12, 18, 24 వచ్చాయి. ఆరో ఎక్కం! సందు చుక్క ముగ్గు పెరిగినప్పుడల్లా పాత ముగ్గు చుట్టూ ఆరు పక్కల కొత్త ప్రహరీ కట్టుకుంటుంది. ఆ ప్రహరీ ప్రతిసారీ పక్కకొక చుక్క చొప్పున పెరుగుతుంది. అందుకే తేడా ఆరేసి పెరుగుతూ పోతుంది. తర్వాతి ముగ్గుకు ఎన్ని చుక్కలు కావాలో పెట్టకముందే చెప్పేయొచ్చని తెలిశాక పాప సంతోషానికి అంతులేదు. 61కి 30 కలిపితే 91. పదకొండు నుంచి ఆరు వరకు చుక్కలు పెట్టి లెక్కపెట్టుకుంది, సరిగ్గా అన్నే వచ్చాయి. మూడేళ్లు లెక్కలు చదువుకున్న నాకు ఈ అంకెల వరస ఏ తరగతిలోనూ తగల్లేదు. మా వాకిట్లోనే తగిలింది.

ఇది చదివి ఎవరైనా పిల్లలకు ఎక్కాలు నేర్పడానికి ముగ్గులు వేయిస్తారేమోనని నా భయం. అలా చేస్తే ముగ్గూ పోతుంది, ఎక్కమూ పోతుంది. ఆ ముగ్గులు నేను పాప కోసం వేయలేదు. పాప పుట్టకముందూ వేశాను, అది పెద్దదై వెళ్లిపోయాకా వేసుకుంటాను. తల్లి తన కోసం, తన ఇష్టం కోసం ఒళ్లు మరిచి ఒక పని చేస్తుంటే పక్కన కూర్చున్న బిడ్డకు దొరికే చదువు వేరు. బిడ్డకు నేర్పాలని పనిగట్టుకుని చేసే దాంట్లో అది దొరకదు. పిల్లలు మన కళ్లు చూస్తారు. మనకు నిజంగా ఆసక్తి ఉందో, ఆసక్తి నటిస్తున్నామో ఇట్టే పట్టేస్తారు.

డాబా మీద తోట కూడా అలాగే మొదలైంది. కుండీలూ, ఎర్రమట్టీ కడియం వైపు నర్సరీల నుంచి తెచ్చుకున్నాం. గోంగూర, బచ్చలి అడక్కుండానే వచ్చేశాయి. ఆనప, బీర, గుమ్మడి పాదులతోనే వచ్చింది చిక్కు. పువ్వులు విరగబూసేవి, పిందెలు మాత్రం పసుపుబారి రాలిపోయేవి. ఎందుకు రాలుతున్నాయో నాకూ తెలియదు. తెలిసినవాళ్లను అడిగి, చదివి, తెలుసుకున్నాను. ఈ జాతి పాదులకు ఆడ పువ్వు వేరు, మగ పువ్వు వేరు. రేకుల కింద బుల్లి కాయలాంటి పిందె ఉంటే ఆడ పువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగ పువ్వు. పుప్పొడి ఒకదాని నుంచి మరొకదానికి చేరకపోతే పిందె నిలవదు. మా డాబా మీదకు తేనెటీగలు అంతగా రావు. కాబట్టి ఆ పని మనమే చేయాలి. మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆడ పువ్వు నడిమి భాగానికి మెత్తగా అద్దాలి.

అందులోనూ వేళ తప్పకూడదు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆనప పువ్వు పొద్దుగుంకే వేళకు తెల్లగా తెరుచుకుంటుంది. చీకటి పడే వేళ పాప టార్చి పట్టుకుంటే నేను పూలు అద్దుతుంటాను. తెల్లటి పువ్వు రాత్రి ఎందుకు పూయాలని పాప ఒకసారి అడిగింది. చీకట్లో తిరిగే రెక్కల పురుగులకు కనపడాలి కదా అని తనే కాసేపటికి జవాబు చెప్పుకుంది. ఆ ప్రశ్నకూ జవాబుకూ మధ్య పట్టిన సమయాన్నే నేను తీరిక అంటున్నాను. నలభై మంది ఉన్న తరగతిలో, గంట కొట్టేలోపు పాఠం పూర్తి కావలసిన చోట, ఎంత మంచి టీచరైనా ఆ మధ్య సమయాన్ని పిల్లకు వదిలిపెట్టడం కష్టం. తల్లి చేతిలో ఉన్నది అదే. అందుకే జవాబు నాకు తెలిసినా నోరు విప్పకుండా ఉండటం నేర్చుకున్నాను. ఇంట్లో చదువు చెప్పడంలో సగం పని అదే.

ఆదివారం గోదావరి గట్టు మా ఆయనది. పిల్లలిద్దరినీ తీసుకుని నదిమీది వంతెనలు చూపించడానికి వెళ్తారు. 1900లో రైళ్లు నడవడం మొదలై, దాదాపు వందేళ్లు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకున్న పాత హేవలాక్ వంతెన. దాని బదులుగా కట్టిన ఆర్చి వంతెన. పైన బస్సులు, కింద రైళ్లు పోయే రోడ్డు కం రైలు వంతెన. పాత వంతెనకు స్తంభాల మధ్య ఖాళీలు 56, ఆర్చి వంతెనకు 28. నది వెడల్పు మారలేదు, ఖాళీలు సగమయ్యాయి. అంటే ఒక్కో ఖాళీ ఎంత పెరగాలి? గట్టు మీద కూర్చుని పల్లీలు తింటూ తండ్రీకూతుళ్లు ఈ లెక్క తేల్చుకున్నారు. అప్పట్లో ఇనుప దూలాలు వేసేవారనీ, తర్వాత కాంక్రీటు వచ్చిందనీ, నదిలో స్తంభం నిలబెట్టడం ఎంత కష్టమో, స్తంభాలు తగ్గితే ఎంత కలిసొస్తుందో మాట్లాడుకుంటూ ఇంటికొచ్చారు. బాబుకు రైలు వస్తే చాలు. వాడి చదువు ప్రస్తుతం అక్కడే ఉంది.

మా ఆయన ఆదివారాల గురించి చెప్పడానికి కారణముంది. ఇంట్లో చదువు అనగానే ఆ బరువంతా తల్లి నెత్తిన పడుతుంది. ఉద్యోగం మానేది ఆమే, పుస్తకాలు వెతికేది ఆమే, పిల్ల వెనకబడితే మాట పడేదీ ఆమే. పిల్లల తీరిక కోసం తల్లి తన తీరికంతా పోగొట్టుకుంటే ఆ ఇంట్లో మిగిలేది చిరాకు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే న్యాయవాది ఉండేవారు. కొడుకు పుట్టాక పసిపిల్లల పెంపకం గురించి చదవడం మొదలుపెట్టి, వకాలతు వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. పిల్లలతో ఆయన మెలిగిన తీరు చూసి జనం ఆయన్ను మీసాల తల్లి అని పిలిచేవారు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. పిల్లలకు చదువు చెప్పే తల్లి మనసు ఆడవాళ్ల సొత్తు కాదని ఆ పేరే చెబుతోంది. మా ఇంట్లో గట్టు, వంతెనలు, లెక్కలు నాన్నవి. రాత్రి కథలు నానమ్మవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు నాది. అప్పుడు నేను క్రోషియా అల్లుకుంటాను, లేదా గౌతమీ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవల చదువుకుంటాను. ఆ సమయంలో అమ్మను పిలవకూడదని పిల్లలకు తెలుసు. అమ్మకు కూడా తనదంటూ ఒక లోకం ఉందని తెలుసుకోవడం పిల్లల చదువులో ముఖ్యమైన పాఠమని నేను నమ్ముతాను.

అసలు పాపను ఇంట్లో ఎందుకు ఉంచామో చెప్పాలి. మూడేళ్లు నిండగానే అందరిలా మేమూ బడుల చుట్టూ తిరిగాం. ఒకచోట మూడేళ్ల పిల్ల రాసిన అక్షరాల నోటుపుస్తకాలు మురిపెంగా తెరిచి చూపించారు. పేజీల నిండా అవే అక్షరాలు. పెన్సిల్ గట్టిగా అదిమినచోట కాగితం చిరిగి ఉంది. ఆ వయసులో వేళ్ల కీళ్లూ కండరాలూ ఇంకా కుదురుకోవు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, చిక్కుళ్లు ఒలవడం ఆ వేళ్లకు సరైన పనులు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అనీ, అది ఆటపాటలతోనే సాగాలనీ, ఒకటో తరగతి ఆరేళ్లు నిండాకే అనీ చెబుతోంది. కాగితం మీద ఇంత చక్కగా ఉన్న మాట మన వీధుల్లోకి ఇంకా దిగలేదు. యూకేజీ పిల్లలు సాయంత్రం ట్యూషన్‌కు పోవడం రోజూ చూస్తున్నాను. ఆ నోటుపుస్తకాలు చూసొచ్చిన రాత్రే ఇద్దరం అనుకున్నాం, ఆరేళ్లు వచ్చేదాకా మన పిల్ల మన దగ్గరే ఉంటుందని.

ఆ తర్వాత బంధువుల ప్రశ్నలు వచ్చాయి. పిల్ల ఏ స్కూలు, ఏ సిలబస్, మరీ వెనకబడిపోదూ? పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఇవే మాటలు. ఎవరి మీదా నాకు కోపం రాలేదు. మన తెలుగిళ్లల్లో చదువే ఆస్తి. పొలం లేనివాడికి చదువే పొలం అని నమ్మిన తరాలు మనవి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ వాళ్లకు జవాబు చెప్పడం కోసమే, ఆరేళ్లు దాటాక కూడా ఇలాగే కొనసాగవచ్చా అని నేను లోతుగా చూడవలసి వచ్చింది.

చట్టం సంగతి ముందు చూశాను. 2002లో రాజ్యాంగానికి చేసిన 86వ సవరణ, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువును ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది ఆ చట్టం. అయితే చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ అందులో లేదు. ఇంటి చదువుకు విడిగా గుర్తింపూ లేదు. ఆ మధ్యలోని జాగాలోనే ఇంటి చదువు నడుపుకునే కుటుంబాలు బతుకుతున్నాయి. పెద్దయ్యాక వాళ్ల పిల్లలకు దారి లేకపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా మూడు, అయిదు, ఎనిమిది తరగతులతో సమానమైన పరీక్షలు రాయొచ్చు. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్షా రాయొచ్చు. మన రాష్ట్రంలోనూ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. కాబట్టి దారి మూసుకుపోతుందన్న భయం నాకు తీరిపోయింది.

తర్వాత గాంధీగారి సంగతి చదివాను. దక్షిణాఫ్రికాలో ఆయన తన కొడుకులను ఇంగ్లీషు బడులకు పంపలేదు. తనే చెప్పాలనుకున్నారు. జొహానెస్‌బర్గ్‌లో రోజూ ఆఫీసుకు రానూపోనూ దాదాపు అయిదు మైళ్లు పిల్లలను వెంట నడిపించుకుంటూ, మాటల్లోనే చదువు చెప్పేవారట. అది చదివినప్పుడు మా గోదావరి గట్టు గుర్తొచ్చి సంబరపడ్డాను. కానీ ఆయన ఆత్మకథలోనే ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లలకు చాలినంత పుస్తక విద్య చెప్పలేకపోయాననీ, ఈ విషయంలో వాళ్లు తనను తప్పుపట్టడంలో కొంత న్యాయం ఉందనీ ఆయనే రాసుకున్నారు. ఆయనకు ఆశయం ఉంది, ప్రేమ ఉంది, ఎదురుగా ప్రజల పని కొండంత ఉంది. సమయం చాలలేదు. ఎంత గొప్ప ఇంట్లోనైనా తండ్రి ఆశయమూ బిడ్డ అవసరమూ ఒకటే కాకపోవచ్చు. బిడ్డ తరఫున మనం తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ రేపు బిడ్డ కళ్లతో చూసుకోవాలని ఆ పేజీలు నాకు నేర్పాయి.

నన్ను అన్నిటికన్నా బలంగా కదిలించింది మాత్రం అత్తయ్యగారు. ఆవిడది కోనసీమలో కాలవ గట్టున పల్లెటూరు. అయిదో తరగతి వరకు ఊళ్లోనే చదువుకున్నారు. లెక్కల్లో ఎప్పుడూ ముందేనట. హైస్కూలు పక్క ఊళ్లో. వయసొచ్చిన పిల్ల కాలవ దాటి వెళ్లకూడదని మాన్పించేశారు. ఇప్పటికీ కూరగాయల బండివాడి లెక్క ఆవిడ నోటితోనే ముందు తేలుతుంది. పాపను ఇంట్లో ఉంచుతామన్నప్పుడు ఆవిడ ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. ఈ ఏడు ఉగాదికి, పచ్చడికి మామిడికాయ తరుగుతూ అన్నారు.

"అమ్మాయ్, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. మమ్మల్ని బడికి పంపలేదంటే ఆడపిల్లకి చదువెందుకని. నువ్వు పంపడం లేదంటే నీకు చదువు విలువ బాగా తెలిసి. ఆ తేడా నాకు తెలుసు. కానీ బడిగంట కొడితే వీధిలో పిల్లలందరూ పరిగెడతారు చూడు, అప్పుడు గుమ్మంలో నిలబడిన పిల్ల మనసు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే."

"నిజమే అత్తయ్యా" అన్నాను. అంతకు మించి మాట రాలేదు.

ఆ మాట విన్నాక భండారు అచ్చమాంబ గారి జీవితం మళ్లీ చదివాను. ఆమెకు పసితనంలోనే పెళ్లి చేశారు. బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారికి చదువు చెబుతుంటే పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకున్నారు. ఆ చదువుతోనే దేశంలోని స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. పక్కన కూర్చుని నేర్చుకోవడంలో ఎంత శక్తి ఉందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు. నా ముగ్గుల పక్కన కూర్చున్న పాపను చూసినప్పుడల్లా ఆమే గుర్తొస్తారు. కానీ అచ్చమాంబ గారికి ఇల్లు దొరికింది బడి దొరకనందువల్ల. ఆమె పుట్టింది 1874లో. ఆ ఏడాదే కందుకూరి వీరేశలింగం గారు మా ఊరి పక్కన ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు. ఆడపిల్ల గడప దాటి పదిమందితో కూర్చుని చదవడం కోసం ఎందరు ఎన్ని మాటలు పడ్డారో ఈ ఊరి గాలికి తెలుసు. ఆ గడప మా పాప కోసం తెరిచి ఉంది. దాన్ని దాటనీయకపోవడానికి నాకు చాలా పెద్ద కారణం ఉండాలి.

కారణం ఏమైనా ఉందా అని వెతికాను. చదువు విషయంలో ఉంది. ఇంట్లో చదువు బాగానే సాగుతోంది, ఇంకా సాగించగలను. కానీ చదువు ఒక్కటే చాలదని పాపే నాకు చూపించింది. వేసవి సాయంత్రాలు ఘాటు మెట్ల దగ్గర పాప తొక్కుడుబిళ్ల ఆడుతుంది. అక్కడి పిల్లల్లో చాలామంది పడవలు నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పూలు అమ్మేవాళ్ల బిడ్డలు. గాలి ఎటు తిరిగితే ఏటి మీద అల ఎలా మారుతుందో వాళ్లు పాపకు చెబుతారు. మా పుస్తకాల్లో లేని సంగతులవి. బిళ్ల గీత మీద పడితే అవుట్ అవునో కాదో తగాదా పడతారు, అంతలోనే కలిసిపోతారు. ఓ రోజు ఇంటికి నడుస్తూ పాప అడిగింది, "అమ్మా, వీళ్లెవరూ మనింటికి ఎందుకు రారు?"

ఆ ప్రశ్నకు డాబా తోటలో జవాబు లేదు. మా ఇంటికి వచ్చేవాళ్లను గుర్తు చేసుకున్నాను. మా చుట్టాలు, మా ఆయన ఆఫీసువాళ్లు, నా స్నేహితులు. ఇంచుమించు అందరూ మా లాంటివాళ్లే. ఎవరిని ఇంట్లోకి పిలవాలో మన కులం, మన జీతం, మన వీధి మనకు తెలియకుండానే ఎంచి పెడతాయి. ఇల్లు ఎంత ప్రేమగా ఉన్నా, ఏరి కూర్చిన లోకమే అది. అందులో పెరిగిన బిడ్డ తెలివైనది కావచ్చు, మంచిది కూడా కావచ్చు. కానీ తనకన్నా వేరైన మనిషి పక్కన రోజూ కూర్చోవడం, ఆ మనిషికి తనకన్నా ఎక్కువ తెలిసిన సంగతులుంటాయని ఒప్పుకోవడం, కోపం వచ్చినా మర్నాడు మళ్లీ అదే బెంచీ మీద కూర్చోవడం దానికి ఎలా వస్తాయి? ఇవి ఒక్కరోజు విహారంలో వచ్చేవి కావు. రోజూ జరగాలి. అలా రోజూ జరిగే చోటు మా వీధిలో ఒక్కటే ఉంది, ఆ చివరి మునిసిపల్ బడి.

ఖరీదైన బడికి పంపితే ఈ పని జరగదు. అక్కడ పిల్లల్ని ఫీజే ఏరుతుంది. మా స్నేహితులు కొందరికి ఈ నిర్ణయం వింతగా ఉంది. ఇన్నాళ్లు ఇంట్లో అంత శ్రద్ధగా చూసుకుని ఇప్పుడు మునిసిపల్ బడికా అని అడిగారు. ఆ బడికి వెళ్లి చూశాను. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలున్నాయి. వేపచెట్టు కింద ఆడుకునే జాగా ఉంది. మధ్యాహ్నం పిల్లలందరూ వరసగా కూర్చుని ఒకే అన్నం తింటారు. ఆ భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో, వచ్చినవారిది ఏ కులమో ఏ వేళో అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. అత్తయ్యగారి చిన్నప్పుడు కోనసీమలో ఇంటింటా చెప్పుకునే పేరది. ఆ పేరు చెవిన పడగానే ఆవిడ ముఖం విప్పారింది. మా పాప ఆ వరసలో కూర్చోవాలి. ఘాటు మెట్ల మీద అడిగిన ప్రశ్నకు అక్కడ రోజూ కొంచెం కొంచెంగా జవాబు దొరుకుతుంది.

బడిలో లోటుపాట్లు లేవని కాదు. ఒకే గదిలో రెండు తరగతులు నడుస్తున్నాయి. టీచరుగారికి చదువు చెప్పడంతో పాటు రాతకోతల పని తలకు మించి ఉంది. తీరిక అక్కడ తక్కువే. అందుకే తీరికను నేను ఇంట్లో కాపాడతాను. సాయంత్రం ట్యూషన్ ఉండదు. డాబా, ముగ్గు, గట్టు అన్నీ ఉంటాయి. మార్కుల గురించి భోజనాల దగ్గర మాట్లాడుకోం. ఆదివారం నాన్నది, రాత్రి నానమ్మది, మధ్యాహ్నం ఎప్పటిలాగే నాది. బాబు వచ్చే మూడేళ్లూ వాళ్లక్క గడిపినట్టే గడుపుతాడు.

ఇంట్లోనే చదువు కొనసాగిస్తున్న తల్లులంటే నాకు గౌరవం తగ్గలేదు. బడిలో అవమానం పాలైన పిల్లలు, నిదానంగా నేర్చుకునే పిల్లలు, జబ్బుతో ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్లకు ఇల్లే సరైన బడి కావచ్చు. ఆ తల్లులను నేను కోరేది ఒకటే. వీధి తలుపు తెరిచి ఉంచండి, మీలాంటివాళ్లు కానివాళ్లు రోజూ లోపలికి వచ్చేలా చూడండి. బడికి పంపే తల్లులను కోరేది కూడా ఒకటే. బడి తీసుకున్నది పోగా మిగిలిన పగలూ సాయంత్రమూ పిల్లలకే వదిలిపెట్టండి. మీ కోసమంటూ ఒక ఇష్టమైన పని పెట్టుకోండి. పాట కావచ్చు, కుట్టు కావచ్చు, చదువు కావచ్చు. పిల్లలు దాని పక్కన వచ్చి కూర్చుంటారు.

విద్యాహక్కు చట్టంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. అంటే ఆ బడి ఎలా నడవాలో చెప్పే హక్కు మా వీధి తల్లులకు ఉంది. పూలమ్మే తల్లికీ నాకూ సమానంగా ఉంది. ఆ కమిటీకి నేను నిలబడుతున్నాను. రెండు తరగతులకు రెండు గదులు కావాలని అడుగుతాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని వద్దని అడుగుతాను. వారానికో పూట పిల్లలందరికీ వేపచెట్టు కింద ఏ పాఠమూ లేని సమయం కావాలని అడుగుతాను. మా పాపకు ఇంట్లో దొరికిన తీరిక ఆ బడిలోని ప్రతి బిడ్డకూ దొరకాలి. దాని కోసం పనిచేయడానికి కావలసినంత తీరిక ఇప్పుడు నాకుంది.